రంగు మారని వయల్

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఆమె డ్రై బాత్ మూత తీసి చూసేసరికి మూడు వయళ్లూ ఊదా రంగులోనే ఉన్నాయి. రెండు ఊదాగా ఉండాల్సినవే. మూడోది ఉండకూడదు.

ఆ మూడోదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. వెలుతురుకెదురుగా తిప్పి చూసింది. కళ్లజోడు తీసి పమిటచెంగుతో తుడిచి పెట్టుకుని మళ్లీ చూసింది. నేరేడుపండు పిండినట్టు చిక్కగా, నిన్న పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో ఆ డ్రై బాత్ యంత్రం చూడ్డానికి చిన్నదే. చెప్పుల డబ్బా అంత పెట్టె, అందులో అల్యూమినియం దిమ్మ, దిమ్మకు మూడు వరసల్లో పన్నెండు గుంటలు. నీళ్లు పోయక్కర్లేదు. దిమ్మే వేడెక్కి, గుంటల్లో పెట్టినవాటిని వెచ్చగా ఉంచుతుంది. స్టోర్సు గుమాస్తా దాన్ని పొడిస్నానం అనేవాడు. నీళ్లు రాని రోజు మా ఇంట్లో చేసేదీ అదేనండీ అని, ప్రతిసారీ అప్పుడే తోచినట్టు చెప్పి తనే నవ్వేవాడు.

చిన్నదే గాని దాని మాట మీద ఆపరేషన్ థియేటర్ నడిచేది. కింద అంతస్తులో పనిముట్లను ఆవిరిపట్టే పెద్ద యంత్రం ఉంది. రోజూ మొదటి విడతలో కత్తులూ కత్తెరల మూటల మధ్య, అన్నిటికన్నా కింది అరలో, రెండు చిన్న ప్లాస్టిక్ వయళ్లు పెడతారు. వాటిలో మామూలు వేడికి చావని మొండి సూక్ష్మజీవులుంటాయి. ఆవిరి తన పని తాను చేస్తే అవి చస్తాయి. తర్వాత వయళ్లు పైకి ల్యాబుకొస్తాయి. ఆమె ఒక్కోదాన్నీ నొక్కి లోపలి గాజుబుడ్డి చితక్కొడుతుంది, అందులోని ఊదా ద్రవం కారి ఆ జీవాలను తడుపుతుంది. యాభై ఎనిమిది డిగ్రీల దగ్గర ఒక రోజంతా దిమ్మలో ఉంచుతుంది. చచ్చినవైతే ఊదా ఊదాగానే ఉంటుంది. ఒక్కటి బతికున్నా పసుపుకు తిరుగుతుంది. ఊదా అంటే పాస్. పాసంటే ఆ పనిముట్లతో మనిషి పొట్ట కోయొచ్చు.

మరి దిమ్మ సరిగ్గా పనిచేస్తోందని ఎవరు చెప్పాలి? అందుకే మూడో వయల్. అది ఆవిరి మొహం చూడనిది. అందులోవి బతికే ఉంటాయి కాబట్టి అది పసుపై తీరాలి. దాన్ని కంట్రోల్ అంటారు. నాలుగు నెలలుగా ఆ కంట్రోల్ పెట్టడం లేదు. వయళ్ల పెట్టె సగమైపోయింది, కొత్తది ఎప్పుడొస్తుందో తెలీదు, రోజుకు రెండుతో సరిపెట్టమని పెద్దసారు నోటిమాటగా చెప్పాడు. ఆమె ఒకరోజు వాదించి ఊరుకుంది. సోమవారం కొత్త పెట్టె రాగానే, ఎవరూ అడగకుండానే, మళ్లీ మూడోది పెట్టింది.

అందుకే ఆమెను ల్యాబులో చాటుగా 'తనిఖీ' అనేవాళ్లు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూసే మనిషి, స్టవ్ ఆపి వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చే మనిషి. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండేది.

పెద్దసారు విభాగానికి అధిపతి. పదిన్నరకొచ్చాడు. వయల్ని చేతికి కూడా తీసుకోలేదు.

"గాజుబుడ్డి సరిగ్గా చితికుండదమ్మా. గట్టిగా నొక్కావా?"

నొక్కానంది. చిటుక్కుమన్న చప్పుడు కూడా విన్నానంది. మళ్లీ పెట్టి చూడమన్నాడు. పాసైన రెండింటి రిపోర్టు మాత్రం రాసి కిందికి పంపెయ్, థియేటర్ వాళ్లు ఎదురుచూస్తుంటారు అన్నాడు. ఆమె రాసింది. రాస్తున్నంతసేపూ కలం బరువుగా అనిపించింది. అయినా రాసింది. సంతకం చేసింది.

ఆ పూట రెండు కంట్రోళ్లు పెట్టింది. పక్క బల్ల మీద పనిచేసే ఆయన్ని పిలిచి, ఆయన చూస్తుండగా రెంటినీ చితక్కొట్టింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని "చితికిందండీ బాబూ, కావాలంటే రాసిస్తా" అని వెళ్లిపోయాడు.

బుధవారం ఉదయం అవి రెండూ ఊదాగానే ఉన్నాయి.

ఈసారి పెద్దసారు వయల్ని చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు ఊపాడు. దారిలో లారీలో ఎండకు మాడి లోపలివి చచ్చిపోయుంటాయన్నాడు. పెట్టె మీద అంటించిన, వేడి తగిలితే రంగు మారే గుర్తు మారలేదని ఆమె చూపించింది. అయితే కంపెనీకి ఉత్తరం రాద్దామన్నాడు. ఉత్తరానికి జవాబు రావడానికి మూడు వారాలు పడుతుందని ఇద్దరికీ తెలుసు. ఈలోపల ఏం చేయాలని అడిగింది.

"ఈలోపల ఏముందమ్మా. పాస్ పాసే కదా."

ఆమెకు ఒళ్లు మండింది. వయళ్లు చచ్చినవైతే పాస్ ఎలా పాసవుతుంది? శవాన్ని పరీక్షకు కూర్చోబెట్టి, కాపీ కొట్టలేదు, బుద్ధిమంతుడు అన్నట్టుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దసారు అప్పటికే ఫోనెత్తాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఆ ఎముక ఎప్పట్నుంచి కొరుకుతున్నావని అడిగాడట. ఆమె శంఖం దించుకుని తన బల్ల దగ్గరికొచ్చింది.

యంత్రాల మరమ్మతు విభాగానికి ఫోన్ చేసింది. ఉదయం చెబితే మధ్యాహ్నం మూడున్నరకు మెకానిక్ వచ్చాడు. చెవి సందున పెన్సిల్, చేతిలో ఒక కాగితాల అట్ట. డ్రై బాత్ ముందు నిలబడ్డాడు. ఎర్ర అంకెల్లో 58.0 అని వెలుగుతోంది.

"యాభై ఎనిమిదుందిగా మేడమ్."

దిమ్మలో ఎంతుందో కొలవమని అడిగింది ఆమె. అంకె చూపించేది అడుగున ఉన్న వేడిరేకు సంగతి, గుంటలో ఎంతుందో దానికి తెలీదు కదా అంది. అతను మూత తీసి దిమ్మ మీద అరచెయ్యి ఆనించాడు. వేడిగానే ఉందన్నాడు. కొలిచే పరికరం పోయిన ఏడాదే పాడైంది, కొత్తదానికి కాగితం పెట్టాం అన్నాడు. 'తనిఖీ చేశాం. బాగా పనిచేస్తోంది' అని రాసి, ఆమె ముందుకు తోసి సంతకం పెట్టమన్నాడు. పెట్టనంది. అతనేమీ అనుకోలేదు. సంతకం గడిలో 'సిబ్బంది అందుబాటులో లేరు' అని రాసుకుని, ఆమె ఎదుటే, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె చేతి తొడుగులు పీకి చెత్తబుట్టలో వేసింది. ఎవరినైనా గట్టిగా తిట్టాలనిపించింది. ల్యాబులో ఆ సమయానికి తిట్టదగ్గ మనిషెవరూ లేరు.

ఆ కోపం ఇంటిదాకా వచ్చింది. కూతురు లెక్కల పుస్తకం తెచ్చి ఒడిలో పెడితే మీ నాన్ననడుగు అంది. మొగుడు ఏమైందని అడిగితే ఏం కాలేదంది. అతను ఏం కాలేదనే మాటకు అర్థం తెలిసినవాడు. మారు మాట్లాడకుండా పిల్లను తీసుకుని ముందు గదిలోకి పోయాడు. వంటింట్లో అత్తగారు పెరుగుగిన్నె మూత తీసి పెదవి విరుస్తోంది. పొద్దున తోడుపెట్టిన పాలు సాయంత్రానికీ పాలలాగే ఉన్నాయి.

తోడు పాడైందేమో అత్తయ్యా, పక్కింట్లో అడిగి తెస్తానంది ఆమె.

"తోడుకేం రోగం? నిన్న తోడుకున్నదే కదా. నేనే పాలు మరీ చల్లారిపోయాక వేశాను. వెచ్చదనం లేకపోతే ఎంత మంచి తోడైనా ఏం చేస్తుంది, దాని మొహం. ఊరికే దాన్నెందుకు ఆడిపోసుకోవడం?"

ఈ మాటే ల్యాబులో పొద్దుట్నుంచీ తను నెత్తీనోరూ కొట్టుకుని చెబుతోంది. వేడి చూడండయ్యా, వేడి కొలవండి అని. ఇక్కడ బడి గడప తొక్కని మనిషి పెరుగుగిన్నె మూత తీసి ఒక్క చూపులో చెప్పేసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరో వచ్చి కొలుస్తారని ఎదురుచూడ్డమే తన తెలివితక్కువ అనుకుంది.

గురువారం ఆమె నేరుగా కిందికి వెళ్లింది.

ఆవిరి యంత్రం నడిపే ఆయన్ని ఆసుపత్రంతా ఆవిరి బాబాయ్ అంటుంది. యాభై దాటిన మనిషి. ఆ గది వేడికి ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. రోజూ పొద్దున్నే వయళ్లు పైకి తెచ్చిచ్చేదీ ఆయనే. వాటిని చేతిరుమాల్లో చుట్టి, గుడ్లు తెచ్చినట్టు తెచ్చేవాడు. బాయిలర్‌లోకి పోయే నీళ్ల వేడి చూసుకోవడానికి ఆయన దగ్గర సన్నటి గాజు థర్మామీటర్ ఉందని ఆమెకు తెలుసు. అడిగింది. ఎందుకని కూడా అడక్కుండా జేబులోంచి ఇత్తడి గొట్టం తీసిచ్చాడు.

"జాగ్రత్తమ్మా. మరొకటి కావాలంటే నేను పోయాక ఇస్తారు."

ఆమె పైకొచ్చి ఖాళీ వయల్ ఒకటి కడిగి, దాన్నిండా నీళ్లు పోసి, థర్మామీటర్ దించి, చుట్టూ దూది కుక్కింది. ఎడమవైపు పై మూల గుంటలో పెట్టి అరగంట కూర్చుంది. వేరే పనేదీ ముట్టుకోలేదు. పాదరసం మెల్లగా పైకెక్కి ఒకచోట ఆగింది. నలభై ఒకటి. కుడివైపు పై మూలలో పెట్టింది, నలభై. ఎడమవైపు కింది మూల నలభై రెండు. కుడివైపు కింది మూలలో మాత్రం నలభై ఏడు. ముందు అద్దంలో ఎర్ర అంకెలు యాభై ఎనిమిది దగ్గర కదలకుండా వెలుగుతూనే ఉన్నాయి.

మూడు మూలలు చల్లగా, ఒక మూల కొంచెం వేడిగా. ఆమె ఆ నాలుగంకెలూ చిత్తు కాగితం మీద నాలుగు మూలల్లో రాసి చూసుకుంది. దిమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది.

స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, చల్లారేదాకా ఆగింది. దిమ్మ నెత్తిన చిన్న రంధ్రంలో మరచుట్ల పిడి బిగించి పైకి లాగింది. ఎండిన ద్రవం పట్టుకుని ఉందేమో, మొదట రాలేదు. రెండో పట్టుకు కిర్రుమని ఊడి వచ్చింది. అడుగున వేడిరేకు మీద ఎండిన ఊదా మరకలు. మరకల మధ్యలో, బియ్యపుగింజ కన్నా చిన్నది, గాజుపెంకు. దిమ్మ దాని మీద ఎక్కి కూర్చుంది. రేకుకూ దిమ్మకూ మధ్య గాలి. రేకు వేడెక్కి, తన వేడి తనే చూసుకుని, బాగానే ఉన్నానని అంకె చూపిస్తోంది.

ఆమె ఆ పెంకును పట్టకారుతో తీసి తెల్ల కాగితం మీద పెట్టింది. దొరికావురా అనుకుంది. ఒక్క నిమిషం నిజంగానే సంతోషించింది. ఆ మెకానిక్కును పిలిచి చూపించాలి, పెద్దసారు బల్ల మీద పెట్టాలి అనుకుంటూ, ఎప్పట్నుంచి ఉందో తేల్చుకుందామని యంత్రం తాలూకు పుస్తకం తెరిచింది. పేజీలు వెనక్కి తిప్పింది. నాలుగు నెలల కిందట, ఒక బుధవారం నాడు, ఒకే ఒక్క పంక్తి: 'వయల్ పగిలి ద్రవం ఒలికింది. దిమ్మ తీసి స్పిరిట్‌తో శుభ్రం చేసి తిరిగి అమర్చాను.'

గుండ్రటి అక్షరాలు. తన అక్షరాలే.

ఆ రోజు గుర్తొచ్చింది. అందరూ భోజనాలకు వెళ్తే తను ఒక్కతే కూర్చుని గుంటగుంటా పుల్లకు దూది చుట్టి తుడిచింది. గుంటలన్నీ తుడిచింది గాని, దిమ్మ తిరిగి దించే ముందు రేకు మీద చెయ్యి పెట్టి తడిమి చూసిందా? తాళం రెండుసార్లు లాగి చూసే మనిషి, ఆ ఒక్కటీ చూసినట్టు గుర్తు రాలేదు. దానికి ముందు రోజే కంట్రోళ్లు ఆపెయ్యమన్నారు. ఇక చెప్పేవాళ్లు లేకపోయారు.

మూడు రోజులుగా ఊరి మీద పడ్డ కోపమంతా గిరుక్కున తిరిగి ఆమె మీదికే వచ్చింది. కాగితం మీది పెంకు వంక చూడబుద్ధి కాలేదు. రేకు గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఈసారి వేలితో మూలమూలా తడిమి, దిమ్మ దించింది. నాలుగు మూలల్లోనూ కొలిచింది. యాభై ఎనిమిది, యాభై ఎనిమిది, యాభై ఏడున్నర, యాభై ఎనిమిది. బాబాయ్ ఆ పొద్దున తెచ్చిన రెండు వయళ్లూ, పక్కన కంట్రోలూ పెట్టి మూత వేసింది.

శుక్రవారం ఏడున్నరకే వచ్చింది. మూత తీసింది.

కంట్రోల్ పసుపు పచ్చగా తిరిగింది. తర్వాత దాని పక్కవి చూసింది. అవి రెండూ కూడా పసుపే.

అవి ఆవిరిలోంచి వచ్చినవి. చచ్చి ఉండాల్సినవి.

అప్పుడు గుర్తొచ్చింది, తనదే ఇంకో బల్ల మీద రోజూ చూసే పని. శస్త్రచికిత్స వార్డునుంచి చీము పరీక్షకు వచ్చే దూదిపుల్లలు. ఇదివరకు నెలకు మూడో నాలుగో వచ్చేవి. ఈమధ్య వారానికి అన్ని వస్తున్నాయి. ఒక్కోదాన్నీ క్రిములు పెంచే పళ్లెంలో తనే గీసింది, తనే చదివింది, ఏ క్రిమి ఉందో తనే రాసి పంపింది. రెండు బల్లల మధ్య దూరం నాలుగడుగులు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఈ బల్ల సంగతి ఆ బల్లకు చెప్పలేదు. రోగులు గాయం శుభ్రంగా ఉంచుకోవడం లేదని వార్డులో డాక్టర్లు అంటున్నారట, ఆ మాట విని తనూ తలూపింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు.

పెద్దసారు ఈసారి కూర్చుని విన్నాడు. ముఖం పాలిపోయింది. ఒక్క రోజు ఫలితం పట్టుకుని థియేటర్ మూయిస్తే ఎంత గొడవవుతుందో ఆలోచించమన్నాడు. రేపు ఇంకోసారి చూద్దామన్నాడు. పాత నాలుగు నెలల సంగతి మాత్రం ఎత్తొద్దన్నాడు. కంట్రోళ్లు ఆపమని మీరే చెప్పారు కదా అని ఆమె అడిగింది. ఆయన కిటికీవైపు చూశాడు.

"చెప్పానేమో. కాగితం మీద లేదుగా."

కానీ ఈ రోజు వయళ్లు ఫెయిలని పైవాళ్లకు ఆయన చెప్పకుండా ఉండలేదు. భయం అలాంటిది. మధ్యాహ్నానికల్లా కిందికి ఒక కాగితం దిగింది. ఆవిరి యంత్రం నడిపే ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పనిముట్ల శుద్ధి జరగలేదని, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని.

ఆమె మెట్లు దిగి కిందికి వెళ్లింది. థర్మామీటర్ తిరిగివ్వాలి, అది సాకు. బాబాయ్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాగితం ఒళ్లో ఉంది. ఇంగ్లీషు కాగితం, ఎవరో చదివి చెప్పినట్టున్నారు. యంత్రం చల్లబడి, గది ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది.

"బాబాయ్, వయళ్లు పసుపయ్యాయి" అంది.

"అయ్యుంటాయి" అన్నాడు ఆయన.

లేచి అలమారలోంచి ఒక పొడుగాటి పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మరమ్మతు విభాగానికి ఫిర్యాదులు రాసే పుస్తకం. ఎడమవైపు ఆయన రాత, పెద్దపెద్ద వంకర అక్షరాలు: 'తలుపు రబ్బరు పోయింది. ఆవిరి కారుతోంది. మార్చగలరు.' కుడివైపు జవాబు: 'ల్యాబు పరీక్ష పాసయింది. మార్చనవసరం లేదు.' జవాబు కింద ల్యాబు రిపోర్టు నకలు, పిన్ను గుచ్చి. ఆమె పేజీ తిప్పింది. పన్నెండు రోజుల తర్వాత మళ్లీ అదే ఫిర్యాదు, అదే జవాబు, ఇంకో నకలు. మూడు నెలల్లో ఎనిమిది. ఎనిమిది నకళ్ల మీదా ఆమె సంతకం, గుండ్రంగా, ముచ్చటగా.

"నేను చదువుకున్నవాణ్ణి కాదమ్మాయ్" అన్నాడు బాబాయ్. "చెవితో చూసేవాణ్ణి. తలుపు దగ్గర ఈల వేరేగా ఉంది, పీడనం నిలవడం లేదు అని చెప్పాను. చెప్పినప్పుడల్లా నీ సంతకం చూపించారు. వేరేవాళ్లదైతే పోట్లాడేవాణ్ణి. నీది కదా అని, నా చెవే చెడిపోయిందేమో అనుకున్నా. పోయిన నెల వెళ్లి చెవి కూడా చూపించుకొచ్చా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది బయటివాడు పొడిస్తే ఓర్చుకోవచ్చు.

కలం తీసింది. స్టూలు లాక్కుని, పుస్తకం ఆవిరి యంత్రం తలుపు మీదే ఆనించుకుని, మొదటి ఫిర్యాదు దగ్గర జవాబు కింద మిగిలిన చోటులో రాసింది: 'ఈ ల్యాబు ఫలితం నమ్మదగినది కాదు. ఆ రోజుల్లో డ్రై బాత్ తగినంత వేడెక్కలేదు. కంట్రోల్ పెట్టలేదు.' కింద సంతకం, తేదీ. పేజీ తిప్పి రెండో దాని కింద కూడా అదే రాసింది. బాబాయ్ వద్దనలేదు, రాయమనలేదు. ఐదోదానికొచ్చేసరికి సిరా అయిపోతే, ఆయన చెవి వెనకనుంచి తన పెన్సిల్ తీయబోయి, ఆగి, పెన్సిల్ రాత ఒప్పుకోరేమోనని గది అంతా వెతికి ఒక పెన్ను తెచ్చిచ్చాడు. ఎనిమిదీ రాసింది.

తర్వాత పైకెళ్లి రిపోర్టు రాసింది. గాజుపెంకు సంగతి, ఆ బుధవారం శుభ్రం చేసింది తనేనన్న సంగతి, కంట్రోళ్లు ఎప్పుడు ఆగాయో, ఎవరి మాట మీద ఆగాయో, నాలుగు నెలల ఫలితాల్లో ఒక్కటీ లెక్కలోకి తీసుకోకూడదన్న సంగతి, తలుపు రబ్బరు గురించి ఎనిమిదిసార్లు ఫిర్యాదు వచ్చిన సంగతి. పెద్దసారు చదివి, తన సంతకం చోట ఏమీ పెట్టకుండా తిరిగి ఇచ్చేశాడు. ఆమె అలాగే తీసుకుని సూపరింటెండెంటు గది బయట గంటా పది నిమిషాలు కూర్చుంది. మూడుసార్లు లేచి వెళ్లిపోదామనుకుంది.

సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు. ఇది ఇస్తే మీకేమవుతుందో తెలుసా అని అడిగాడు. తెలుసంది. నిజానికి అంతగా తెలీదు. తెలుసుకునే ఓపిక లేదు.

ఆ సాయంత్రమే థియేటర్ మూశారు. శనివారం ఉదయం ఆపరేషన్‌కు పరగడుపున వచ్చిన వాళ్లను వెనక్కి పంపారు. వాళ్ల చుట్టాలు వరండాలో కేకలు వేశారు. మెకానిక్ కొత్త రబ్బరు తెచ్చి, చెవి సందున అదే పెన్సిల్‌తో, గంటన్నరలో బిగించేశాడు. మూడు నెలలుగా కాని పని. బాబాయ్‌కిచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకోలేదు, పక్కన పెట్టామన్నారు. ఆమెకూ ఒకటి ఇచ్చారు. పెద్దసారు సెలవు పెట్టాడు. వార్డులో గాయాలు మానని వాళ్లందరి దగ్గరా మళ్లీ పుల్లలు తీయాలని, అది ఈసారి ల్యాబు వాళ్లే వచ్చి తీసుకెళ్లాలని ఉత్తర్వు. ల్యాబు వాళ్లంటే ఎవరో రాయలేదు. పక్క బల్లాయన తన పళ్లేల మీదికి వంగి తల ఎత్తలేదు.

పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆమె ఆ వార్డులోకి అడుగుపెట్టడం అదే మొదలు. ఆమెకు తెలిసింది పుల్లల మీది నంబర్లు. ఇక్కడ నంబర్ల వెనక మంచాలున్నాయి. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టింది. నాలుగో మంచం మీద ఒక ముసలావిడ గోడకానుకుని కూర్చుంది. కోసి నలభై రోజులైంది, కుట్లు ఇంకా చీము పడుతున్నాయి. దుప్పటి మడత విప్పినట్టు లేదు, ఇస్త్రీ చేసినట్టుంది. చేతులు కడిగి కడిగి చర్మం పగిలి ఎర్రబడి ఉన్నాయి.

ఆమె కట్టు విప్పుతుంటే ముసలావిడ తనే చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా, ఎన్నోసార్లు చెప్పి అలిసిపోయిన గొంతుతో.

"ముందే చెబుతున్నా తల్లీ, నేను తడిపానని నువ్వూ అనకు. రోజూ అంటున్నారు, శుభ్రంగా ఉండటం లేదు, చేతులతో ముట్టుకుంటున్నావని. నలభై ఏళ్లు లాండ్రీలో ఉతికిన చేతులివి. ఈ ఆసుపత్రి దుప్పట్లు కూడా ఉతికాను. నాకు మురికంటే తెలీదా? ఇప్పుడు మావాడు కూడా నమ్ముతున్నాడు. నువ్వే ఏదో చేసుకున్నావమ్మా అంటాడు. సమయానికి వస్తాడు, నా చేతులవంక చూస్తాడు, పోతాడు."

ఆమె పుల్లను గాయానికి ఆనించి, మెల్లగా తిప్పి, గొట్టంలో పెట్టి మూత బిగించింది. కొత్త గుడ్డ పరిచి కట్టు కట్టింది. తొడుగులు తీసింది.

"మీరేం చేసుకోలేదు పెద్దమ్మా" అంది. "కోసిన కత్తులు శుద్ధి కాలేదు. శుద్ధయ్యాయని రాసిచ్చింది నేను."

ముసలావిడ ఆమె వంక చూసింది. కోపగించుకోలేదు, ఏడవలేదు. పగిలిన చేతుల్ని ఒకదానిమీద ఒకటి వేసుకుంది.

"మావాడు నాలుగింటికి వస్తాడు" అంది. "ఆ మాట వాడి ముందు చెబుతావా?"

గోడ గడియారంలో రెండున్నర దాటింది. ఇంకా ఏడు మంచాలున్నాయి. ఆమె పళ్లెం తీసుకుని ఐదో మంచం దగ్గరికి వెళ్లింది, తర్వాత ఆరు, తర్వాత ఏడు. మూడూ నలభై ఐదుకు పదకొండూ అయిపోయాయి. గొట్టాలు పెట్టెలో సర్ది, నర్సుకు అప్పగించి ల్యాబుకు పంపమంది. తిరిగి నాలుగో మంచం దగ్గరికొచ్చి, స్టూలు లాక్కుని, తలుపుకెదురుగా కూర్చుంది.